వార్షిక నివేదిక 2025-26: ఈ ఏడు బీమా కాగితాలే ఎక్కువ చదివాం

కాలనీ సంఘం సభ్యులందరికీ నమస్కారం.

మురుగు కాలువల పూడిక, వీధిలైట్లు, బతుకమ్మ ఏర్పాట్లు ఎప్పటిలాగే నడిచాయి. జమాఖర్చుల పట్టిక వేరుగా జత చేశాం. అడగాల్సినవి సర్వసభ్య సమావేశంలో అడగండి. కార్యవర్గానికి ఈసారి ఎక్కువ పని పెట్టింది మాత్రం బీమా.

మన కాలనీ పెద్దాయన ఒకరికి గుండె ఆపరేషన్ అయింది. షుగర్ ఉన్న సంగతి దాచారంటూ కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. ఆయన దాచలేదు, ఏజెంటుకు నోటితో చెప్పారు. పాలసీతో పాటు వచ్చిన ప్రపోజల్ ఫారం (పాలసీ కోసం ఇచ్చిన దరఖాస్తు) కాపీ తీసి చూస్తే, 'మధుమేహం ఉందా' అన్నచోట 'లేదు' అని టిక్కు ఉంది. రాత ఏజెంటుది, కింద సంతకం మాత్రం పెద్దాయనది. కంపెనీకి రాసిన ఫిర్యాదుకు నెల దాటినా జవాబు రాకపోవడంతో బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు అర్జీ పెట్టించాం. అక్కడ ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, 50 లక్షల రూపాయల దాకా వివాదాలు తీసుకుంటారు. తీర్పు ఇంకా రాలేదు.

ఆ తర్వాత ఆదివారాలు కమ్యూనిటీ హాల్లో అందరి పాలసీలు ముందేసుకుని కూర్చున్నాం. చాలామంది కవరు కూడా విప్పలేదు. షుగర్, బీపీ రాస్తే పాలసీ రాదన్న భయంతో ఖాళీ ఫారం మీద సంతకం పెట్టినవాళ్లూ ఉన్నారు. రాస్తే ప్రీమియం కొంత పెరగొచ్చు, నిజమే. కానీ 2024 బీమా నిబంధనల ప్రకారం ముందునుంచి ఉన్న జబ్బుల క్లెయిమ్‌కు కంపెనీ 36 నెలలకు మించి ఆగమనడానికి వీల్లేదు, అంతకుముందు ఇది 48 నెలలు. మధ్యలో ఆపకుండా 60 నెలలు కడితే, మోసం రుజువైతే తప్ప, దాచారన్న సాకుతో క్లెయిమ్ తోసిపుచ్చకూడదు. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ పోయింది. ఈమధ్య రెన్యువల్ చేసినవాళ్లు రసీదు ఒకసారి చూసుకోండి.

ఇంకో సభ్యురాలికి ఫిక్స్‌డ్ డిపాజిట్ అని చెప్పి ఏటా కట్టాల్సిన జీవిత బీమా అంటగట్టారు. బాండు ఇంటికొచ్చాక సంగతి బయటపడింది. పాలసీ చేతికందిన 30 రోజుల్లోపు వద్దని రాసివ్వొచ్చు. అలాగే రాసిచ్చారు, స్టాంపు ఖర్చులాంటివి పోను పైసలు వెనక్కి వచ్చాయి.

ఫోన్ల గొడవ వేరు. 'ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీ బోనస్ ఆగింది, ఫీజు కడితే వదులుతాం' అంటారు. ఐఆర్‌డీఏఐ అంటే బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ. అది హైదరాబాద్‌లోనే ఉంది, కానీ పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల నంబరు 1930కి, కంపెనీ మీద ఫిర్యాదైతే 155255కి ఫోన్ చేయండి. మోసాల నిఘాపై ఐఆర్‌డీఏఐ కంపెనీలకు ఇచ్చిన కొత్త మార్గదర్శకాలు 2026 ఏప్రిల్ 1 నుంచి అమలవుతున్నాయి. ఏజెంటు కొట్టిన తప్పుడు టిక్కు కూడా వాటి కంటపడితే సంతోషమే.

ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన తొలి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. పరిమితి ఇప్పుడు 10 లక్షలు. ఆ ధైర్యంతో ప్రైవేటు పాలసీ మానేస్తామని కొందరన్నారు. ఏ జబ్బు, ఏ ఆసుపత్రి దాని కిందికి వస్తాయో కనుక్కున్నాకే మానేయండి.

పాస్‌బుక్కులు చూసినప్పుడు చాలావాటిలో మే నెలాఖరున 20 రూపాయల కోత కనిపించింది. అది సురక్షా బీమా యోజన ప్రీమియం. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. ఖాతా ఉన్న మనిషికే తెలియనప్పుడు ఇంట్లోవాళ్లు క్లెయిమ్ ఎలా చేస్తారు? నామినీ పేరు ఎక్కిందో లేదో బ్యాంకులో అడగండి.

ఇకనుంచి ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం హాల్లో పాలసీలు చదివే పని సాగుతుంది. పాలసీ బాండు, ప్రపోజల్ ఫారం కాపీ, చివరి రసీదు తెచ్చుకోండి. ఆధార్ అవసరం లేదు. ఓటీపీ మేం కూడా అడగం.

కార్యదర్శి