రామేశ్వరంలో అమ్మ చేయి పట్టుకున్న సోదరికి

మొన్న కార్తీక మాసంలో రామేశ్వరం రామనాథస్వామి ఆలయంలో, డెబ్బై ఏళ్లు దాటిన మా అమ్మను చేయి పట్టుకొని నడిపించిన, పేరైనా అడగలేకపోయిన తమిళ సోదరికి ఈ నాలుగు మాటలతో కృతజ్ఞతలు తెలుపుకొంటున్నాను.

అగ్నితీర్థంలో, అంటే గుడికి తూర్పున ఉన్న సముద్రంలో మునిగి, తడిబట్టలతోనే లోపలి 22 తీర్థాలకు బయలుదేరాము. నూతి గట్టుపై నిలబడి బకెట్లతో తోడి పోసేవారి వేగానికి, జనం తోపులాటకు నేను పిల్లలతో ముందుకు వెళ్లిపోయాను, తప్పు నాదే. వెనుక అమ్మ తడి రాతిబండపై జారి, మోకాలు పట్టుకొని కూలబడిందట. ఆ సోదరి తన స్నానం ఆపుకొని, అమ్మను గోడవారగా కూర్చోబెట్టి, తన సంచిలోని పొడి తువ్వాలుతో తల తుడిచి, తరువాత మిగిలిన ప్రతి నూతి దగ్గరా "మెదువా, మెదువా" అంటూ నీళ్లు మెల్లగా పోయించారు. అమ్మకు తమిళం రాదు, ఆమెకు తెలుగు రాదు. తడిబట్టలతో గర్భాలయం వైపు వెళ్లనివ్వరు గనుక చీర మార్చుకునే చోటు చూపించి, నేను కనిపించేదాకా అక్కడే నిలబడ్డారు.

కాశీ గంగతో రామనాథునికి అభిషేకం జరిగితేనే యాత్ర పూర్తయినట్టని మా ఇంట్లో పట్టింపు; మూత బిగించిన ఆ గంగచెంబు అంత గందరగోళంలోనూ అమ్మ కొంగుముడిలోనే ఉంది. మరునాడు ధనుష్కోడిలో, 1964 తుపానుకు మిగిలిన చర్చి మొండిగోడలు దాటి, జనం లేని ఇసుకలో కూర్చున్నాక అమ్మ అడిగింది ఒక్కటే: "ఆ తువ్వాలు తిరిగి ఇచ్చావా?"

ఇవ్వలేదు. ఉతికి, మడిచి, మా ఇంట్లోనే ఉంచాము.