తేనెపెట్టెలకు రూలుంటే రాసి చూపించండి

సంపాదకులకు,

అభయారణ్యం అంచున అటవీ అధికారులు తేనెపెట్టెలు తీయించారన్న వార్త మీ జిల్లా పేజీలో వచ్చి పది రోజులైంది. అధికారులు ఎవరైనా వివరణ ఇస్తారేమోనని ఇన్నాళ్లూ చూశాను. రాలేదు. ఆ పెట్టెల్లో ఆరు నావి.

తీసేయమంటే తీస్తాం. కానీ మిట్టమధ్యాహ్నం అప్పటికప్పుడు తీయమన్నారు. ఆ వేళకు సగం ఈగలు మేతకు పోయి ఉంటాయి. చీకటి పడి అన్నీ లోపలికి చేరాక, పెట్టె మూతికి జాలీ కట్టి జరపాలి. పొద్దుగూకేదాకా ఆగండి సార్ అని బతిమాలినా వినలేదు. సాయంత్రం పోయి చూస్తే, చీమలెక్కకుండా కాళ్ల కింద నీళ్ల చిప్పలు పెట్టిన స్టాండు అలాగే ఉంది. తిరిగొచ్చిన ఈగలు పెట్టె కనబడక ఆ ఉత్త స్టాండు మీదే ముద్దలుగా వాలి ఉన్నాయి. కడుపు తరుక్కుపోయింది.

రూలేంటని అడిగితే వన్యప్రాణి చట్టం అన్నారు. 1972 నాటి ఆ చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా అభయారణ్యంలో అటవీ ఉత్పత్తులు తీయకూడదు, నిజమే. 2006 అటవీ హక్కుల చట్టమేమో తేనె సేకరించి అమ్ముకునే హక్కు అడవిని నమ్ముకుని బతికేవాళ్లకు ఇచ్చింది. మరి పెట్టెలో పెంచిన తేనె ఏ లెక్కలోకి వస్తుంది? ఆఫీసులో ముగ్గురిని అడిగితే మూడు జవాబులొచ్చాయి. దరఖాస్తు తీసుకున్నారు గానీ రసీదు కూడా ఇవ్వలేదు. పట్టా పుస్తకంలో పేరు సరిచేయించడానికి మా నాన్న తిరిగిన తిరుగుడు గుర్తొచ్చింది. ఏ ఆఫీసుకు పోయినా మాకిదే టెన్షన్.

రూలే వద్దని నేననను. బయటి నుంచి లారీల్లో వందల ఇటాలియన్ ఈగల పెట్టెలు తెచ్చి దించితే అడవిలోని కొండతేనె, పుట్టతేనె ఈగలకు మేత కరువవుతుంది, రోగాలూ అంటుకోవచ్చు. అవి ఆపాల్సిందే. నావి ఇక్కడి పుట్టతేనె ఈగలే. మిర్చి, పత్తి చేలల్లో కొట్టే మందులకు చచ్చిపోతున్నాయనే అడవి అంచుకు తెచ్చాను.

ఏ ఈగలు పెట్టొచ్చు, ఎన్ని పెట్టెలు, అడవికి ఎంత దూరం, పర్మిషన్ ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఇవి తెలుగులో రాసి, పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల చుట్టూ ఉన్న ప్రతి ఊరి పంచాయతీ గోడకు అంటించండి. తీయించాల్సి వస్తే రాత్రిదాకా టైమివ్వాలని కూడా అందులో రాయండి.

నా ఆరు పెట్టెల్లో రెండు ఖాళీ అయ్యాయి. మిగిలిన నాలుగూ ఇంటి పెరట్లో పెట్టుకున్నాను. పక్క చేన్లో నిన్నటి నుంచి మిర్చికి మందు కొడుతున్నారు.

– ఒక రైతు, వరంగల్ జిల్లా