గుత్తిలోని ఆ మెకానిక్ గారికి కృతజ్ఞతలు

అనంతపురం నుంచి కర్నూలుకు 44వ నంబరు జాతీయ రహదారిపై వెళ్తూ, ఒక మాట అడుగుదామని గుత్తిలో ఆగిన నాకు సాయపడిన మెకానిక్ గారికి, పేరు రాయకుండానే, కృతజ్ఞతలు తెలుపుకుంటున్నాను.

ఉదయం స్టార్ట్ చేయగానే నా బైకు ఇంజన్‌లో టకటకమని వినిపించే శబ్దం, బండి వేడెక్కాక సద్దుమణిగేది. ఇంజన్ వాల్వులను కదిలించే ట్యాపెట్లు సరిచేయించినా పోలేదు. ఇంజన్ లోపలుండే టైమింగ్ చైన్ అరిగిందని, ఇంజన్ విప్పాల్సిందేనని ఒకచోట చెప్పారు. అంత ఖర్చు భరించే స్థితిలో అప్పుడు నేను లేను.

గుత్తి మెకానిక్ గారు వెంటనే స్పానర్ పట్టుకోలేదు. వేడి మీద ఆ శబ్దం దొరకదని బండిని చెట్టు నీడలో నిలిపి, ఎండలో వచ్చిన నాకు కుర్చీ వేసి, కుండలో నీళ్లిచ్చి, ఇంజన్ పూర్తిగా చల్లారేవరకు వేరే బళ్ల పని చూసుకున్నారు. తర్వాత స్టార్ట్ చేసి, పెద్ద స్క్రూడ్రైవర్ మొనను ఇంజన్‌పై ఒక్కోచోట ఆనించి, పిడిని చెవికి చేర్చుకుని విన్నారు. సైలెన్సర్ చివరను తడిగుడ్డతో క్షణకాలం మూయగానే, ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్‌కు సైలెన్సర్ పైపు కలిసే చోట పొగ బుస్సుమని తన్నింది. పొగ బయటికి రాకుండా అక్కడ అతుకును మూసి ఉంచే గ్యాస్కెట్ కాలిపోయి సందు పడింది; ఆ శబ్దం అక్కడిదే. వేడికి లోహం వ్యాకోచించినప్పుడు ఆ సందు మూసుకునేది.

“ఇంజన్‌కు ఏమీ కాలేదన్నా, యాడా ఇప్పియొద్దు” అన్నారు. అంతటితో ఆగక ఆ పిడిని నా చెవికీ ఆనించి, లోపల చైన్ సాఫీగా నడుస్తున్న సంగతి నన్నే విననిచ్చారు. (నా బండిని నాకు చూపించిన మెకానిక్ అంతకుముందు లేరు.) కొత్త గ్యాస్కెట్ వేసి, నట్లు రెండూ సమంగా బిగించి, దాని ధర, మామూలు కూలి మాత్రమే తీసుకున్నారు. ఇంజన్ విప్పించే పని తప్పి మిగిలిన డబ్బు పిల్లల బడి ఫీజుకు అందివచ్చిందని ఆయనకు తెలియాలని ఇది రాస్తున్నాను.