ఇంట్లో చదివే పిల్లలకి టెన్త్ ఎట్లా?

ఎడిటర్ గారికి నమస్తే,

పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తున్నమంటే చాలు చుట్టాలందరిదీ ఒకటే ప్రశ్న, మరి టెన్త్ సర్టిఫికెట్ ఎట్లా అని. ఎన్ఐఓఎస్ అని సెంట్రల్ గవర్నమెంట్ ఓపెన్ స్కూల్ బోర్డు ఉంది కదండీ, 14 ఏళ్లు నిండితే టెన్త్‌కి కట్టొచ్చు, తెలుగు మీడియం కూడా ఉంది, అయిదేళ్లలో 9 సార్లు రాసే ఛాన్స్ ఉంటది, పాసైన సబ్జెక్టు మళ్ళీ రాయక్కర్లేదు కాబట్టి అన్నీ ఒకేసారి రాయాలని పిల్లల మీద రుద్దకండి. బర్త్ సర్టిఫికెట్లో, ఆధార్‌లో పేరు స్పెల్లింగ్ ఒకేలా ఉందో లేదో మాత్రం ఇప్పుడే చూస్కోండి, అడ్మిషన్ టైంకి ఉరుకులాట తప్పుతది.

ఇంకోటి, చిన్నపిల్లలకి ఇంట్లో బెల్లు కొట్టి పీరియడ్లు పెట్టే పని లేదు, పొద్దున కాసేపు కూర్చోబెట్టి కిరాణా బిల్లు చేతికిస్తే కూడికలు వాటంతటవే వస్తయి. సాయంత్రం మాత్రం కాలనీ పిల్లలతో ఆటకి పంపండి.

– ఒక తల్లి, వరంగల్