గడువు తీరిన అగ్రిమెంటుకు నోటీసు ఎంత?

సంపాదకులు గారికి,

ఇంటి అద్దె అగ్రిమెంట్లు రాసిపెట్టడం నా వృత్తి. చాలా ఏళ్లుగా అదే పని. మా దగ్గరికి వచ్చేవాళ్లు చూసేవి పేర్లు, అద్దె, అడ్వాన్సు. ఇంకాస్త జాగ్రత్తపరులైతే ఏటా ఎంత శాతం పెంచాలో చూస్తారు. మిగతాదంతా చదవకుండానే సంతకాలు పెట్టి వెళ్లిపోతారు. మళ్లీ ఆ కాగితం బీరువాలోంచి బయటికొచ్చేది ఇల్లు ఖాళీ చేసేటప్పుడే. అప్పటికి దాని గడువు తీరిపోయి ఉంటుంది.

ఈమధ్య టీచర్లుగా పనిచేసే ఒక దంపతులు అలాంటి పాత అగ్రిమెంటు పట్టుకుని వచ్చారు. పదకొండు నెలలకు రాసుకున్నది, ఎప్పుడో ముగిసింది. ఓనరు నోటిమాటగా అద్దె పెంచారు, వీళ్లు నెలనెలా ఆయన ఖాతాలో వేస్తూ వచ్చారు. కొత్త కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు బదిలీ అయింది. నెల ముందే ఫోన్‌లో చెప్పారు. ఓనరు పాత అగ్రిమెంటు తీసి, "ఇందులో రెండు నెలల నోటీసు అని ఉంది, ఒక నెల అద్దె అడ్వాన్సులో పట్టుకుంటా" అన్నారు. టీచరమ్మ కోపం ఆ డబ్బు గురించి కూడా కాదు. కిందటేడు తన కూతురు వస్తోంది, వారంలో ఖాళీ చేయమని ఓనరు అడిగినప్పుడు వీళ్లు ఇదే రెండు నెలల షరతు చూపించారట. అప్పుడు ఆయనే "అగ్రిమెంటే అయిపోయింది, ఇంక నోటీసు ఏంటమ్మా" అన్నారట. కూతురి ప్రయాణం ఆగిపోబట్టి అప్పుడు గొడవ సద్దుమణిగింది.

అద్దెకుండేవాళ్లు తక్కువేం తినలేదు. చివరి రెండు నెలలు అద్దె ఎగ్గొట్టి "అడ్వాన్సులో చూసుకోండి" అనేవాళ్లున్నారు. రాత్రికి రాత్రి సామాను ఎక్కించి, తాళాలు పక్కింట్లో ఇచ్చి పోయినవాళ్లున్నారు. ఆ ఇంటి అద్దె మీదే బతికే ముసలివాళ్లు మళ్లీ మనిషి దొరికేదాకా ఏం చేయాలి? వాళ్లు కూడా మా దగ్గరికే వచ్చి కూర్చుంటారు.

చట్టంలో దీనికి జవాబు లేదనుకోకండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. ఇన్ని నెలలు అని గడువు రాసుకున్న అద్దె, ఆ గడువు తీరగానే దానంతటదే ముగుస్తుంది. 111వ సెక్షన్ చెప్పేది అదే. అగ్రిమెంటులో వేరే షరతు లేకపోతే ఆ రోజుకు ఖాళీ చేయడానికి విడిగా నోటీసు అక్కర్లేదు. చెప్పాపెట్టకుండా పొమ్మని కాదు, మర్యాద వేరు.

గడువు తీరాక కూడా అద్దెదారు ఇంట్లోనే ఉండి, ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే? అక్కడే అందరూ తికమక పడతారు. అలా తీసుకుంటే అద్దె ఒప్పందం మళ్లీ కొనసాగినట్టే అంటుంది 116వ సెక్షన్. నివాసానికి ఇచ్చిన ఇల్లయితే అది నెలవారీ అద్దె అవుతుంది. ఇద్దరి మధ్య వేరే ఒప్పందం, వేరే ప్రత్యేక చట్టం లేనప్పుడు దాన్ని ముగించడానికి 106వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలు. ఓనరు ఇచ్చినా అద్దెదారు ఇచ్చినా అదే లెక్క. అంటే "అగ్రిమెంటు అయిపోయింది కాబట్టి రేపే పొండి" అనడం కుదరదు, "అగ్రిమెంటు లేదు కాబట్టి ఈ రాత్రికే పోతా" అనడమూ కుదరదు. మరి పాత కాగితంలోని రెండు నెలల షరతు గడువు తర్వాత కూడా నిలుస్తుందా? అది ఆ షరతు రాసిన తీరును బట్టి వకీళ్లు వాదించుకునే విషయం. ఒక నెల అద్దె కోసం వకీలు దగ్గరికి ఎవరు వెళ్తారు? అందుకే అడ్వాన్సు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే న్యాయం అవుతోంది.

ఇంకో సంగతి. "ఒకటో తారీఖుకే చెప్పాలి, నెల మధ్యలో చెబితే చెల్లదు" అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. ఊరికే పుట్టిన మాట కాదది. ఒకప్పుడు నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలని చట్టంలో ఉండేది. 2002లో వచ్చిన సవరణతో అది పోయింది. ఇప్పుడు నోటీసు అందిన రోజు నుంచే లెక్క. రాసిన రోజు నుంచి కాదు, ఇది గుర్తుంచుకోవాలి.

ఫోన్‌లో చెబితే నోటీసు ఇచ్చినట్టు కాదు. రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. పోస్టులో పంపాలి, లేదా చేతికివ్వాలి. నేనైతే రెండు కాపీలు తీసుకెళ్లమంటాను. ఒకటి ఓనరుకు ఇచ్చి, రెండోదాని మీద "అందినది" అని తేదీ వేయించి సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టనంటే స్పీడుపోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. వాట్సాప్‌లో కూడా ఒక ఫొటో పంపండి, నష్టం లేదు, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. కాగితంలో పెద్ద భాష అక్కర్లేదు: ఫలానా తేదీకి ఇల్లు ఖాళీ చేసి తాళాలు ఇస్తాం, ఆ రోజు ఇద్దరం కలిసి ఇల్లు చూసుకుందాం, మా అడ్వాన్సు ఇంత, ఈ ఖాతాలో వేయండి. ఇది చాలు. ఇల్లు చూసుకునే మాట మాత్రం తప్పకుండా రాయండి. రంగులు, కుళాయిలు అంటూ అడ్వాన్సు కరిగిపోయేది ఆ రోజే. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యత లేదని 108వ సెక్షన్‌లో ఉంది. గోడ పగలగొట్టి పోతే అది వేరే సంగతి.

2021లో కేంద్రం నమూనా అద్దె చట్టం ఆమోదించింది. నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదనీ, ఇల్లు అప్పగించేటప్పుడు బాకీలు మినహాయించి మిగతాది తిరిగి ఇవ్వాలనీ అందులో ఉంది. కానీ పేరులోనే ఉన్నట్టు అది నమూనా, రాష్ట్రం తీసుకుంటేనే అమలు. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. మాలాంటి వాళ్ల కంప్యూటర్లలో ఉన్న ఫారంలో ఒక్క పేరా చేర్చడం. నేను రాసే అగ్రిమెంట్లలో అడిగి మరీ చేరుస్తున్న పేరా ఇది:

"పై గడువు ముగిసిన తరువాత కొత్త అగ్రిమెంటు లేకుండా అద్దె ఇచ్చిపుచ్చుకొనుచున్నచో, ఉభయులలో ఎవరైనను రాతపూర్వకముగా ఒక నెల నోటీసు ఇచ్చి అద్దెను ముగించవచ్చును. నోటీసు అవతలివారికి అందిన తేదీ నుండి లెక్క. తాళములు అప్పగించిన దినముననే ఉభయులు కలిసి ఇల్లు చూసుకొని, బాకీలు పోను మిగిలిన అడ్వాన్సు చెల్లించవలెను."

నెల కాకపోతే రెండు నెలలు అనుకోండి, అది వాళ్లిష్టం. ఇద్దరికీ ఒకే లెక్క ఉండాలి, అంతే. ఈ పేరా చదివి వినిపిస్తే చాలామంది విసుక్కుంటారు. ఇంట్లో చేరేరోజే ఖాళీ చేసే మాటెందుకు, అశుభం అంటారు. "ఆ పేరా కొట్టేయండి గురువు గారూ, మా ఇద్దరి మధ్య అలాంటివి ఉండవు" అంటారు. కొట్టను, చేర్చాకే ప్రింటు తీస్తాను.

ఈ పేరాను మీ పత్రికలో అచ్చు వేస్తే, నా తోటి దస్తావేజు లేఖరులు కత్తిరించి దాచుకుంటారు. ఇంతకన్నా బాగా రాయగల వకీళ్లెవరైనా ఉంటే దిద్ది పంపించండి. దాన్నే వాడుకుంటాను.

ఇట్లు,
ఒక దస్తావేజు లేఖరి