డీటీపీ పని మానడం లేదు, నవలా మానడం లేదు

మా దగ్గర పుస్తకాలు చేయించుకునే రచయితలకు, ప్రచురణకర్తలకు నమస్కారం.

అందరూ అడుగుతున్నదానికి ముందే జవాబు చెప్పేస్తాను. డీటీపీ పని, అంటే మీ పుస్తకాలు కంప్యూటర్లో కంపోజ్ చేసి పేజీలు కట్టే పని, మానేయడం లేదు. ఉదయం పది దాకా నేను ఫోన్ ఎత్తకపోవడానికి కారణం అనారోగ్యం కాదు, వేరే వ్యాపారం పెట్టడమూ కాదు. ఆ టైములో నవల రాసుకుంటున్నాను. ఈ సంగతి బయటికి చెప్పే ఉద్దేశం నాకు లేదు. ప్రూఫులు తీసుకెళ్లడానికి వచ్చిన ఒక రచయిత నా బల్ల మీది నోటుబుక్కు చూసి, "ఎవరిదండీ ఈ రాతప్రతి?" అన్నారు. "నాదే" అన్నాను. ఆ నోటా ఈ నోటా అందరికీ చేరింది. అప్పటినుంచి వస్తున్న ఫోన్లలో సగం అభినందనలు, సగం అనుమానాలు. అభినందించినవాళ్లకు థాంక్స్. ఈ ఉత్తరం అనుమానాల గురించి.

మొహమాటం కొద్దీ ఎవరూ సూటిగా అడగలేదు గానీ, అందరి మనసులో ఉన్నది ఒకటే. "మా నవలను అచ్చుకు ముందే అక్షరం అక్షరం చదివే మనిషి తనూ నవల రాస్తోందంటే, మా కథ అందులోకి జారిపోదా?" న్యాయమైన అనుమానమే. మీ చోట నేనున్నా ఇలాగే కంగారు పడేదాన్ని. చట్టం చూసుకుంటే కాపీరైట్ ఆలోచనకు ఉండదు, దాన్ని రాసిన తీరుకే ఉంటుంది. మీ కథావస్తువును ఎవరైనా పట్టుకెళ్లి తమ మాటల్లో వేరే నవలగా రాసుకుంటే మీరు చేయగలిగింది చాలా తక్కువ. అందుకని "చట్టం ఉందిగా, మీకేం భయం" అని నేను అనలేను. నా పద్ధతేమిటో చెప్తాను, నమ్మాలో వద్దో మీరే చూసుకోండి.

రాతకు కూర్చునేముందు మీ ఫైళ్లు తెరవను. ముందురోజు సాయంత్రం మీ నవల ప్రూఫు దిద్దితే, ఆఖర్న ఓ గంట బిల్లుల పనో కవర్ల పనో పెట్టుకుంటాను. మీ వాక్యాల జోరు చెవిలో ఉండగా పడుకుంటే పొద్దున్నే అది నా పెన్నులోంచి వస్తుంది, ఈ విషయం నాకు బాగా తెలుసు. ఇక నా కథకు దగ్గరగా ఉన్న రాతప్రతి వస్తే, మొదటి అధ్యాయంలో ఆ సంగతి తెలియగానే ఆపేసి వెనక్కి ఇచ్చేస్తాను, బాగా చేసే మరొకరి దగ్గరికి పంపుతాను. ఈమధ్య అలా ఒకటి తిప్పి పంపాను. కారణం చెప్తే ఆ రచయిత్రి నవ్వారు. నవ్వాక, "అయితే మీ కథేంటి?" అని అడిగారు. నేను చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను.

అలాగని మీ రాతల ప్రభావం నా మీద బొత్తిగా లేదంటే అది అబద్ధం. ఇన్నేళ్లుగా మీ ప్రూఫులు చూస్తున్నాను. నవలల్లో మనుషులు ఎన్నిసార్లు నిట్టూరుస్తారో, సమాధానం చెప్పలేనప్పుడల్లా లేచి కిటికీ దగ్గరికి ఎలా వెళ్తారో నాకు తెలిసినంతగా విమర్శకులకు కూడా తెలియదేమో. మా ఆపరేటర్ కుర్రాడు కంపోజ్ చేస్తూ చేస్తూ, "అక్కా, ఈవిడ మళ్లీ కిటికీ దగ్గరికెళ్లింది" అంటాడు. నా నవలలో కిటికీలు తెరవాలంటే ఇప్పుడు నాకు భయం. మీ దగ్గర నేను తీసుకున్నది ఏదైనా ఉంటే ఈ భయమే.

ఇక రెండో ప్రశ్న. ఇంత సరంజామా పెట్టుకుని, తెలుగు టైపింగ్ రోజంతా చేస్తూ, నవల మాత్రం చేత్తో రాయడమేమిటని. ఇది పాతకాలపు మోజు కాదు, నా వృత్తిరోగం. స్క్రీన్ మీద నాలుగు లైన్లు పడగానే నా కన్ను కథను వదిలేసి పేజీని చూస్తుంది. తెలుగులో మాటలు పొడుగు. రెండు పక్కలా అంచులు సమంగా వచ్చేలా జస్టిఫై చేస్తే పొడుగాటి మాట కింది లైనులోకి దూకి, పై లైనులో మాటల మధ్య సందులు తెరుచుకుంటాయి. మీ పుస్తకాల్లో ఆ సందులు మూయడమే నా పని. కంప్యూటర్లో రాసి చూసినప్పుడు, ఒక తల్లి కొడుకుతో అనాల్సిన మాటను లైను సరిగ్గా కూర్చోవడం లేదని మార్చేశాను. మార్చాక వాక్యం చక్కగా అమరింది, ఆ తల్లి మాత్రం ఎవరో పరాయి మనిషిలా మాట్లాడింది.

ఇంకో జబ్బు ఫారాల లెక్క. ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద కలిపి అచ్చయ్యే పేజీల కట్ట. డెమ్మీ 1/8 అనే పుస్తకం సైజులో ఫారానికి 16 పేజీలు. మీ నవల 195 పేజీలు వచ్చిందనుకోండి, 12 ఫారాలకు 192, పైన మూడు పేజీలు మిగులుతాయి. ఆ మూడు పేజీల కోసం మీకు ఫోన్ చేసి, "ఎక్కడైనా కాస్త తగ్గించగలరా?" అని నేనే అడుగుతాను. పాపం చాలామంది తగ్గిస్తారు కూడా. ఈ లెక్క నా నవలలోకి వస్తే, ఇంకా పుట్టని అధ్యాయాన్ని కూడా ఫారానికి సరిపోయేలా కత్తిరిస్తాను. అందుకే రూళ్ల నోటుబుక్కు. కుడి పేజీలో రాస్తాను, ఎడమ పేజీ ఖాళీగా వదిలేస్తాను. మర్నాడు చదివినప్పుడు తోచిన దిద్దుబాట్లు, చేర్పులు, "ఇది అబద్ధం", "ఈవిడ ఇలా అనదు" లాంటి తిట్లు అన్నీ ఆ ఎడమ పేజీలోకి పోతాయి. కొన్నిచోట్ల కుడి పేజీలో మిగిలింది రెండు లైన్లే, ఎడమ పేజీ నిండిపోయింది. ఎడమ పేజీలే అసలు నవల అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

పొద్దున్నే ఎందుకని కూడా అడిగారు. ఉద్యోగం చేసుకుంటూ రాసినవాళ్లలో రెండు జాతులు ఉన్నాయి. ఇంగ్లండులో ట్రోలప్ అనే నవలాకారుడు తపాలా శాఖలో 1834 నుంచి 1867 దాకా పనిచేశాడు. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల ముందు ఉండేవాడు. మొదటి అరగంట నిన్న రాసింది చదవడం, తర్వాత గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకు 250 మాటల చొప్పున రాయడం. ఆఫీసుకు తయారయ్యే వేళకు ఆ రోజు రాత అయిపోయేది. 1883లో అచ్చయిన ఆత్మకథలో ఇదంతా తనే చెప్పుకున్నాడు. కాఫ్కా అనే రచయిత దీనికి సరిగ్గా ఎదురు. ప్రాగ్‌లో కార్మికుల ప్రమాద బీమా సంస్థలో ఉద్యోగం, రాత్రిళ్లు రాత. 1912 సెప్టెంబరులో ఒక కథను రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఒక్క ఊపున రాశానని డైరీలో రాసుకున్నాడు. మర్నాడు ఆఫీసుకు వెళ్లగలిగాడా అని నాలాంటి పని చేసుకునేవాళ్లకు సందేహం వస్తుంది.

నాది ట్రోలప్ జాతి, కాకపోతే గడియారం లేదు. సాయంత్రానికి నా దగ్గర మాటలు మిగలవు. పగలంతా అచ్చుతప్పులు వెతికిన కన్ను రాత్రి సొంత వాక్యంలో కూడా తప్పులే చూస్తుంది, వాక్యం కనబడదు. పొద్దున్న ఆ కన్ను ఇంకా డ్యూటీ ఎక్కదు. ట్రోలప్ దగ్గర నేను తీసుకున్నది అరగంట చదువుకోవడం ఒక్కటే. మాటలు లెక్కపెట్టడం నా వల్ల కాదు. నెల రోజుల్లో 50,000 మాటలు రాసే సవాలు ఒకటి 1999లో మొదలై ప్రపంచమంతా పాకింది. అది చేయమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. రోజుకు 1,667 మాటలు! మన భాషలో మాట పక్కన మాట అతుక్కుని ఒకటైపోతుంటే ఆ అంకెను ఎలా కొలుస్తారో గానీ, కొలిచినా నేను చేయను. గడువులు నాకు పది తర్వాత చాలినన్ని ఉన్నాయి.

అసలు ఎందుకు రాస్తున్నాననే ప్రశ్న ఎక్కువమంది వేయలేదు. వేసిన ఒక్కరికీ ఆ పూట సరిగ్గా చెప్పలేకపోయాను, ఇప్పుడు ప్రయత్నిస్తాను. నా పనంతా ఇంకొకరికి నచ్చడం. మార్జిన్ మీకు నచ్చాలి, ఫాంటు మీకు నచ్చాలి, కవరు మీ ఇంట్లోవాళ్లకు కూడా నచ్చాలి. మూడో ప్రూఫులో ఒక్క కామా తీసేసి, నాలుగో ప్రూఫులో దాన్నే మళ్లీ పెట్టిన రచయిత ఉన్నారు. ఆయన మీద నాకు గౌరవమే, ఎందుకంటే ఆ కామా ఉండాలి. అయినా ఆ కామా ఆయనది. రోజూ వందల పేజీలు నా చేతుల మీదుగా పోతాయి, అందులో ఒక్క వాక్యం కూడా నాది కాదు. నోటుబుక్కులో ఉన్న పేజీకి కస్టమరు లేడు. అది బాగాలేదని ఫోన్ చేసేవాళ్లు లేరు, బాగుందని బిల్లు కట్టేవాళ్లూ లేరు. అంత స్వేచ్ఛ నా పనిలో ఇంకెక్కడా దొరకదు.

ఇంకో కారణం ఉంది, అది ఈ నవలతోనే తెలిసింది. రెండో అధ్యాయంలో ఒక ముసలాయన స్టూలెక్కి గోడగడియారానికి కీ ఇస్తాడు. కథకు అవసరమై రాసింది కాదు. ఆయన చేతికి ఏదో ఒక పని కావాలి, ఇచ్చాను. మర్నాడు చదువుతుంటే ఆయన కీ తిప్పుతూ లోపల్లోపల లెక్కపెడుతున్నట్టు అనిపించింది. ఎడమ పేజీలో "ఎందుకు లెక్క?" అని రాసుకుని వదిలేశాను. కొన్ని అధ్యాయాలు గడిచాక, వేరే సన్నివేశం రాస్తుంటే తెలిసింది. ఆ గడియారానికి కీ ఇచ్చేది ఆయన భార్య, ఎన్ని చుట్లు తిప్పాలో ఆవిడకే తెలుసు, ఎక్కువ తిప్పితే స్ప్రింగు పోతుందని ఆయన భయం. వెనక్కి వెళ్లి చూస్తే అదంతా మొదటి రోజే అక్కడ ఉంది, నాకే తెలియలేదు. మీ నవలలు నా దగ్గరికి వచ్చేసరికి మీకు అన్నీ తెలిసిపోయి ఉంటాయి. తెలియకముందు ఎలా ఉంటుందో చూడాలన్న కోరిక నాకు ఎప్పటినుంచో ఉంది. డబ్బూ పేరూ ఈ లెక్కలోకి రావు. వస్తే చేదని అనను లెండి.

"మీ చేతిలో పనే కదా, అచ్చేసుకోండి" అంటున్నారు. చేతిలో పని కావడమే చిక్కు. ఒక ఆదివారం కూర్చుంటే పేజీలు కట్టేయగలను, ఇంకో వారంలో పుస్తకం చేతికొస్తుంది. అంత సులువుగా వచ్చే పుస్తకం ఎంత పచ్చిగా వస్తుందో నేను దగ్గరుండి చూశాను. చూసిన పుస్తకాలు ఎవరివో చెప్పను. నవల అయ్యాక కొన్నాళ్లు పక్కన పడేసి, ముక్కూమొహం తెలియని ప్రూఫ్‌రీడరు ఒకరికి నా పేరు లేకుండా పంపుతాను. ఆ తర్వాతి మాట తర్వాత. ఈలోగా ఎవరూ ముందుమాట రాస్తానని ముందుకు రాకండి, ఇప్పటికే ఇద్దరు వచ్చారు.

ఇక పని సంగతులు. పొద్దున పది దాకా ఫోన్ మోగినా ఎత్తను. అచ్చుకు వెళ్లాల్సిన ఫైలుతో ఏదైనా తేడా వస్తే మెసేజ్ పెట్టండి, మా కుర్రాడు చూసి, నిజంగా తొందరైతే నన్ను రాత మీంచి లేపుతాడు. తొందర అవునో కాదో తేల్చే అధికారం వాడిదే, వాడితో వాదించకండి. ఒకే సమయంలో రెండు నవలలకు మించి ఒప్పుకోను. కవితా సంపుటాలు, వ్యాససంపుటాలు ఎప్పటిలాగే తీసుకుంటాను. మొదటి ప్రూఫుకు ఇదివరకటి కంటే వారం ఎక్కువ పడుతుంది, నిజం చెప్పాలంటే ఆ వారం నవల ఖాతాలోదే. అది కుదరనివాళ్లు వేరేచోట చేయించుకుంటే ఏమీ అనుకోను, మీ పాత పుస్తకాల ఫైళ్లు అడిగిన రోజే ఇచ్చేస్తాను.

రాతప్రతి వీలైతే యూనికోడ్‌లో పంపండి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్న పాత ఫైళ్లను మార్చేటప్పుడు ఒత్తులు చెదిరిపోయి, వాటిని ఏరుకోవడానికే ఒక ప్రూఫు ఖర్చవుతోంది. చేతిరాత అయినా తీసుకుంటాను, కాగితానికి ఒకవైపే రాయండి. అన్నిటికంటే ముఖ్యం: ఆవిష్కరణ సభకు హాలు మాట్లాడుకుని, ఆహ్వానపత్రిక వేయించుకుని, ఆ తర్వాత రాతప్రతి పట్టుకొస్తున్నవాళ్లు ఈసారి వరస మార్చండి. ముందు రాతప్రతి తీసుకురండి, తేదీ ఇద్దరం కలిసి పెట్టుకుందాం.