పట్టకారు లేకపోయినా పర్లేదు, చీటీ పెట్టండి

సంపాదకులు గారికి,

ఈ మధ్య మా అమ్మాయి వాళ్ళ దగ్గరికి సియోల్ వెళ్ళి పది రోజులు ఉండొచ్చాం. రాజభవనాలూ టవర్లూ చూశాం గానీ, నాకు బాగా గుర్తుండిపోయింది వాళ్ళ వీధి చివరి బేకరీ. తూ లే జూర్ అని, ఊరంతా బ్రాంచీలున్నదే. 1997లో కొరియా వాళ్ళు పెట్టుకున్న కొట్టుకి ఫ్రెంచి పేరేమిటో, 'ప్రతిరోజూ' అని అర్థమట. 1954 దాకా ఫ్రెంచివాళ్ళు ఏలిన యానాం మాకు గంట ప్రయాణం, ఆ పేరేదో అక్కడ పెట్టుకున్నా ఓ అందం.

లోపలికెళ్తే ఏం కావాలని ఎవరూ అడగరు. గుమ్మం పక్కనే పళ్ళేలూ పట్టకార్లూ ఉంటాయి, పళ్ళెంలో కాగితం వేసుకుని కావలసినవి మనమే తీసుకెళ్ళి కౌంటర్ దగ్గర పెడితే వాళ్ళు ఒక్కోటీ విడిగా కవర్లో వేసి ఇస్తారు. నేను అలవాటు కొద్దీ చేత్తో తీయబోతే మా మనవరాలు చేతి మీద ఒక్కటేసింది. దన్‌పత్ ప్పాంగ్ అని, ఎర్ర గింజల తీపి ముద్ద కూరిన బన్ను తిన్నాను, అచ్చం మన పూర్ణం బూరె, బెల్లం వాసన లేదంతే. ప్పాంగ్ అంటే బ్రెడ్డు, పోర్చుగీసు మాట జపాన్ మీదుగా అక్కడికి చేరిందట. మన పావ్ భాజీలో పావ్ కూడా పోర్చుగీసు వాళ్ళదే!

అసలు సంగతి ఇది. మా ఆవిడ గుడ్డు తినదు. అక్కడ ప్రతి రకం ముందూ చీటీ ఉంది, పేరు, ధర, కింద చిన్న అక్షరాల్లో గుడ్డు, పాలు, గోధుమ అని. ఫోన్ కెమెరా పెట్టి ఒక్కోటీ చదువుకుంటూ పోతే దాదాపు అన్నిట్లోనూ గుడ్డే, పాపం కాఫీతో సరిపెట్టుకుంది. అయినా విసుక్కోలేదు, ముందే తెలిసింది కదా. ఇక్కడ మా ఊళ్ళో ఒక బేకరీ అబ్బాయి "గుడ్డు లేదండీ" అని ఒట్టేసినంత పని చేసి ఇచ్చిన కేకు ముక్క సగం తిన్నాక, గుడ్డు వేశామని లోపలి నుంచి మాస్టారొచ్చి చెప్పాడు. ఆ రోజు మా ఇంట్లో గొడవ మీకెందుకులెండి.

రుచిలో మనకేం తక్కువ? తాపేశ్వరం కాజా ముందు ఆ బన్ను దిగదుడుపే, ఆత్రేయపురం పూతరేకులకి 2023లో జీఐ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. కానీ విడిగా అమ్మే స్వీట్లు ఎప్పటిలోగా తినాలో తేదీ కనబడేలా పెట్టాలని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 అక్టోబరు 1 నుంచి తప్పనిసరి చేసింది, మరి నేను తిరిగే కొట్లలో ఆ బోర్డు ఒక్కచోటా కనబడలేదు. మొన్న ఒకాయన్ని అడిగితే "మీరు ఇంటికెళ్ళేలోపు పాడవదులెండి" అని నవ్వాడు. నాలుగో రోజుకి నెయ్యి వాసన మారిపోయింది.

మన కొట్లవాళ్ళని పళ్ళేలూ పట్టకార్లూ కొనమని అడగట్లేదు. అట్టముక్క మీద స్కెచ్ పెన్నుతో ధర, తేదీ, గుడ్డు ఉందో లేదో రాసి పెట్టండి చాలు. ఆహార భద్రతాధికారులు కూడా పండగల ముందే కాకుండా మామూలు రోజుల్లోనూ ఓసారి అద్దాల్లోకి తొంగి చూస్తే బాగుంటుంది.

— ఒక పాఠకుడు, అమలాపురం